తప్పు తోడుది కాదు

మావారికి డాక్టరుగారు కొవ్వు తగ్గించమన్నారు. దాంతో గేదెపాలు మానేసి డబుల్ టోన్డ్ ప్యాకెట్లు తెప్పిస్తున్నాను. మొదటి వారమే గొడవ. పెరుగు చూస్తే నీళ్ళు, నోట్లో పెట్టుకుంటే పులుపు. "తోడు పాడైందే అమ్మాయ్, పక్కింట్లో అడిగి తెచ్చుకో" అన్నారు అత్తగారు. మూడిళ్ళ తోడు మార్చాను, ఏం లాభం? మావారు పెరుగన్నం కలుపుకోకుండానే చెయ్యి కడిగేసుకునేవారు. అది లేనిదే ఆయనకి భోజనం చేసినట్టే ఉండదు.

డెయిరీ చదువుతున్న మా తమ్ముడి కూతురు వచ్చి నవ్వింది. తోడులోని బ్యాక్టీరియా తినేది పాలలో ఉండే చక్కెరనిట, వెన్నని కాదుట! ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం. ఎందులో వేసినా వాటి పని అవి చేసుకుపోతాయి. కాకపోతే వెన్న నాలుక మీద పులుపుని కప్పేస్తుంది, పెరుగుకి చిక్కదనం ఇస్తుంది. అది తీసేశాక పులుపు బయటపడుతుంది. పాపం, తోడుని తిట్టి ఏం ప్రయోజనం చెప్పండి!

ఇప్పుడు పాలు పొంగగానే దించెయ్యను. సన్నసెగ మీద 15 నిమిషాలు కలుపుతూ మరగనిస్తాను. నీరు కొంత ఇగురుతుంది, మాంసకృత్తులు బాగా పట్టుకుని పెరుగు గట్టిగా తోడుకుంటుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు చిన్న చెంచాడు తోడు చాలు. తోడుకున్న వెంటనే, ఇది మాత్రం మర్చిపోకండి, ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి. చల్లదనానికి బ్యాక్టీరియా జోరు తగ్గుతుంది.

మీగడ మాత్రం కట్టదు. మావారు ఇంకా గిన్నెలోకి తొంగిచూస్తూనే ఉంటారు.