పందులకు లేని హద్దు

ఆదోనిలో రైలు దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. పత్తి కాలం కావడంతో మార్కెట్ యార్డు వైపు బండ్లు బారులు తీరాయి. వాటిని తప్పించుకుంటూ వెళ్లి ఎమ్మిగనూరు బస్సెక్కాను. దారి ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. నా చూపంతా రోడ్డు పక్క బీళ్ల మీదే.

మాది ఎరుకల ఇల్లు. ఎమ్మిగనూరు చివర గుడిసెలు, వెనక రాతి దొడ్డి. పొద్దున్నే అవ్వ తడిక తీస్తే నల్లపందులు పిల్లల్నేసుకుని తమ దారిన తాము పోయేవి. కాపరి ఉండడు. బుడ్డలు పెరికిన చేలల్లో మిగిలిన కాయల్నీ, వంక గట్టున తుంగగడ్డల్నీ మూతితో తవ్వుకు తినేవి. ఏది ఎవరిదో చెవిమీది గాట్లే చెప్పేవి. పొద్దుగూకాక అవ్వ కుడితిలో తవుడు కలిపి కేకేస్తే చాలు, దుమ్ము రేపుకుంటూ వచ్చేసేవి. చూలు నిలిచిన నాటి నుంచి మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు. ఆ లెక్క అవ్వకు తప్పేది కాదు. ఈనబోయే పంది గడ్డి కరుచుకొచ్చి పొదచాటున పడక వేసుకుంటుంటే మమ్మల్ని అటు పోనిచ్చేది కాదు. నా బడి పుస్తకాలు ఆ పందిపిల్లల్ని అమ్మిన డబ్బుతోనే వచ్చాయి.

పందులకు లేని హద్దు తాతకు ఉండేది. ఈ సీమ బళ్లారి జిల్లాలో ఉన్న రోజుల్లో, నేరస్థ జాతుల చట్టం కింద వయసులో ఉన్న తాత ఠాణాలో హాజరు వేయించుకోవాల్సి వచ్చేది. ఊరు దాటాలంటే చీటీ కావాలి. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది, అనుమానం పోలేదు.

ఎమ్మిగనూరు దగ్గరపడే కొద్దీ తుంగభద్ర దిగువ కాలువ కింద వరిమళ్లు కనిపించాయి. వాటిని చూడగానే పాత సంగతి గుర్తొచ్చింది. 1999లో పక్కనున్న అనంతపురం జిల్లాలో మెదడువాపు పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. ఆ వైరసు పంది ఒంట్లో పెరిగే మాట నిజమే. దాన్ని మనిషికి చేర్చే క్యూలెక్స్ దోమ మాత్రం ఎక్కువగా వరిమడి నీళ్లలో పుడుతుంది. వరి జోలికి ఎవరూ పోలేదు, పందుల్ని మాత్రం ఊరవతలికి తోలించారు.

ఇప్పుడు మా బావ రేకుల షెడ్డులో తెల్లపందుల్ని పెంచుతున్నాడు. దాణా కొనాల్సిందే.

"కాసేపైనా బయటికి ఇడవవా బావా?"

"ఇడిస్తే ఊరోళ్లు ఊరుకుంటారా రా?"

నాకు ఊళ్లోని నేతగాళ్లు గుర్తొచ్చారు. 1938లో మాచాని సోమప్ప ఇక్కడే వాళ్లకు సహకార సంఘం పెట్టారు. నూలు, మగ్గం, అమ్మకం ఒక చోట చేరాక ఎమ్మిగనూరు గుడ్డకు పేరొచ్చింది. పందుల వాళ్లకూ ఊరికి దూరంగా కంచె వేసిన మేత నేల, పశువైద్యుడు, ఒక సంత ఉంటే చాలు. దోమల పని మునిసిపాలిటీ చూసుకోవాలి. బావకు ఈ మాటే చెప్పాను. ముందు నేల ఎవరిస్తారో కనుక్కోమన్నాడు.