అమ్మతో పట్నము

హైదరాబాదు చూడవలెనని మా అమ్మ ఎన్నో ఏండ్లుగా అడుగుచుండెను. "పంట చేతికి రానిమ్మమ్మా" అని నేను ప్రతి యేడును చెప్పుచు వచ్చితిని. పంటలు వచ్చినవి, పోయినవి. పోయిన సంవత్సరము కంటివైద్యుడు ఆమెను పరీక్షించి, ఇది నీటికాసుల వ్యాధి, పోయిన చూపు తిరిగి రాదు, మిగిలినదానిని చుక్కలమందుతో కాపాడుకొనవలెను అనెను. గొట్టములోనుండి చూచినట్లు, ఎదుటనున్నది మాత్రమే ఆమెకు కనబడును. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు కాగితముమీద ఖర్చు లెక్క వ్రాసి సిగ్గుపడితిని. జనగామనుండి సికింద్రాబాదు సుమారు 85 కిలోమీటర్లు. ప్యాసింజరు బండిలో మా యిద్దరి రాకపోకలకు కిలో కోడిమాంసమునకు పెట్టునంత కాదు! తెలంగాణలో 2023 డిసెంబరు 9 మొదలు స్త్రీలకు సిటీ ఆర్డినరీ బస్సు ఉచితము గనుక అమ్మకు ఆధార్ కార్డు చాలును. సాలార్‌జంగ్ మ్యూజియమునకు శుక్రవారము సెలవు. ఆదివారము గుడి మానుట అమ్మకు ఇష్టము లేదు. మంగళవారము నిశ్చయించితిమి. తిరుగు టికెట్టు మాత్రము సాయంత్రమే కొనవలెను. ఇంత దగ్గరి ప్రయాణమునకు జనరల్ టికెట్టు కొన్న మూడు గంటలలోపల బండి యెక్కవలెనని నియమమున్నది.

జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయల తొక్కు, నీళ్లసీసా, చుక్కలమందు సంచిలో పెట్టుకొంటిమి. భువనగిరి గుట్ట వచ్చినప్పుడు అమ్మ కిటికీలోనుండి తల అటునిటు త్రిప్పి వెదకి వెదకి పట్టుకొనెను.

మ్యూజియములో పన్నెండు గంటలవేళ అందరును పెద్ద గడియారము ఎదుట కూడిరి. గడ్డపు మనిషిబొమ్మ ఒకటి లోపలినుండి వచ్చి గంట కొట్టును. నేను వ్రేలితో చూపుచునే యుంటిని. అమ్మ దానిని పట్టుకొనకముందే అది లోపలికి పోయెను. "పన్నెండు కొట్టినది, లెక్కపెట్టినాను" అని ఆమె నవ్వెను. నాకు నవ్వు రాలేదు.

పిమ్మట రిబ్కా బొమ్మయొద్దకు తీసికొనిపోతిని. ఇటలీ శిల్పి బెంజోని 1876లో చెక్కినది. మొగముమీది ముసుగు కూడ పాలరాయియే. అమ్మను సరిగా ఎదుట నిలిపితిని.

"ఈ పిల్ల ముసుగు తడిసినదేమి బిడ్డా?"

"అది రాయి అమ్మా."

ఆమె నమ్మలేదు. ముట్టుకొనవలెనని చేయి చాపి, తగదని తానే వెనుకకు తీసికొనెను. చాలసేపటికి, "ఇస్సాకు ఎదురువచ్చుచున్నాడు గదా, అందుకే కప్పుకొన్నది" అని తన కొంగు తలమీదికి లాగుకొనెను.

చార్మినారు దగ్గరనే యుండెను గాని ఆమె కాళ్లు వాచినవి. విడిచితిమి. ఒక్క దినములో అన్నియు చూడబోవువారు ఏదియు చూడరని నా తలంపు.

తిరుగుబండిలో ఘట్‌కేసరు దాటగా మందువేళ అయ్యెను. ఊగుచున్న పెట్టెలో ఆమె తల నా ఒడిలో పెట్టుకొని చుక్కలు వేసితిని. ఒకటి కంటిలో పడెను, ఒకటి చెంపమీద పడెను.


"ఇంకొకటి వేయి బిడ్డా," అనెను, "రాత్రి ఇంటిలో ఆ పిల్ల సంగతి అందరికి చెప్పవలెను."