సరాయిచి మైదానంలో దవుల్ మోత

గ్రీస్, బల్గేరియా సరిహద్దులకు చేరువలో ఉన్న ఎదిర్నే పట్టణం టర్కీ రోమా ప్రజల వాద్యసంప్రదాయానికి పట్టుగొమ్మ. అక్కడ తుంజా నది పక్కనున్న సరాయిచి మైదానంలో ఏటా మే 5 సాయంత్రం కకావా పండుగ నెగడు రాజేస్తారు. వసంతాగమనాన్ని చాటే హిద్రెల్లెజ్ వేడుకలకు ఇది అక్కడి రోమాల రూపం. ఆ వేడుకలను 2017లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

నెగడును సమీపించిన సందర్శకునికి చెవికన్నా ముందు గుండెకు తగిలేది దవుల్ మోత. పట్టీతో భుజానికి వేలాడే ఈ రెండు ముఖాల పెద్ద డోలుకు ఒక వైపు తొక్‌మాక్ అనే బరువైన కర్రతో మంద్రమైన దెబ్బ పడుతుండగా, రెండో వైపు చుబుక్ అనే సన్నని పుల్ల ఆ దెబ్బల నడుమ ఖాళీలను చురుకైన పలుకులతో నింపుతుంది. డప్పు మీద సిర్ర, సిటికెన పుల్ల పని పంచుకునే తీరూ ఇదే. పక్కనే సన్నాయి కుటుంబానికి చెందిన జుర్నాను ఊదేవారు బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, నాదం తెగకుండా చూస్తారు.

రోమా నృత్యానికి ప్రాణం తొమ్మిది మాత్రల నడక. మన లెక్కలో దానిని ‘తక తక తక తకిట’ అనవచ్చు; మూడు రెండ్ల తరువాత వచ్చే ఆ చివరి మూడు దగ్గరే వాద్యకారుని ప్రతిభ బయటపడుతుంది, ఎందుకంటే అతడు నర్తకుల అడుగును కనిపెట్టి ఆ మూడును రవ్వంత సాగదీయాలో, బిగించాలో అప్పటికప్పుడు నిర్ణయిస్తాడు. ఇదే తాళం విలంబంలో నడిస్తే ‘ఆర్ రోమన్’ అంటారు.

ఈ నేర్పు ప్రధానంగా పెళ్లిళ్లలో పెద్దల పక్కన నిలబడి వాయిస్తూ అబ్బేది కనుక, దానికి బడి మహల్లా, అంటే పేట. ఇస్తాంబుల్ పాత కోటగోడల చెంత దర్బుకా, క్లారినెట్ వాద్యాలకు పేరుమోసిన సులుకులె అనే రోమా పేటను పునర్నిర్మాణం పేరిట 2008–09 ప్రాంతంలో దాదాపుగా నేలమట్టం చేయడం అందుకే తీరని అన్యాయం. ముప్పై కిలోమీటర్లకు పైగా దూరాన తాషోలుక్‌లో ఇచ్చిన ఫ్లాట్లలో బతుకుతెరువు దొరకక, వాటికి కట్టవలసిన వాయిదాలు భారమై, అత్యధిక కుటుంబాలు పాత పేట పరిసరాలకే అద్దెకు తిరిగివచ్చాయి.