చీకటి చూసి వచ్చాము

అమెరికాలో చూడదగినవి ఏవంటే నయాగరా జలపాతం, న్యూయార్కు మేడలు అని ఎవరైనా చెబుతారు. న్యూజెర్సీలో ఉంటున్న మా అబ్బాయి మాత్రం, "నాన్నా, ఈసారి మీకు చీకటి చూపిస్తాను" అన్నాడు.

"చీకటి చూడడానికి ఇంత దూరం రావాలట్రా!" అని నవ్వింది మా ఆవిడ.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉత్తరాన, పాటర్ కౌంటీలో ఉన్నది చెర్రీ స్ప్రింగ్స్ స్టేట్ పార్కు. విస్తీర్ణం 82 ఎకరాలే కాని, చుట్టూ 2,62,000 ఎకరాల అడవి. ఎత్తు 2,300 అడుగులు. ఆ ప్రాంతంలో పెద్ద ఊరైన కౌడర్స్‌పోర్టు 15 మైళ్ళ దూరం. ఊళ్ళన్నీ లోయల్లో ఉండడం వల్ల వాటి దీపాల వెలుగు ఈ మెట్ట మీదికి ఎక్కదు. 2008లో దీనికి అంతర్జాతీయ డార్క్ స్కై పార్కుగా గుర్తింపు వచ్చింది.

ఆగస్టులో అమావాస్య చూసుకొని బయలుదేరాము. కారు వెనుక ఒక ట్రెయిలరు అద్దెకు తెచ్చి తగిలించాడు అబ్బాయి. చక్రాల మీద చిన్న ఇల్లన్నమాట. పడకలు, గ్యాసు పొయ్యి, నీళ్ళ తొట్టి అన్నీ అందులోనే. అడవిలోకి వెళ్ళేసరికి సెల్‌ఫోను మూగబోయింది. మాకిచ్చిన స్థలంలో బండి ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, నేల వాలు సరిచూసి, కారు విడదీశాడు. అక్కడ ఒక బల్ల, నెగడు వేసుకొనే ఇనుప చట్రం తప్ప మరేమీ లేవు. కరెంటు లేదు. తొట్టిలో ఉన్న నీళ్ళతోనే రెండు రాత్రులు గడపాలి. కడిగిన నీళ్ళు వేరే తొట్టిలోకి చేరతాయి. వెళ్ళేటప్పుడు వాటిని నియమిత స్థలంలోనే వదలాలి. కోడలు కంగారు పడింది గాని, వేసవిలో బిందెలతో నీళ్ళు మోసిన మా ఆవిడకు ఇదొక లెక్కా? ఒకే గిన్నెలో పులగం వండి, కాగితపు పళ్ళేలలో వడ్డించింది. ఎలుగుబంట్లు తిరిగే అడవి గనుక మిగిలింది బయట ఉంచకుండా లోపల పెట్టి తలుపు వేశాము.

చీకటి పడ్డాక నడిచి మైదానానికి వెళ్ళాము. అక్కడ ఎర్రని వెలుగు తప్ప వెలిగించరాదు. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి అరగంట పడుతుంది. ఒక్క తెల్లదీపం వెలిగిస్తే చాలు, మళ్ళీ మొదటికి వస్తుంది. ఎర్రకాంతితో ఆ బాధ లేదు. మా మనవడు టార్చికి ఎర్ర కాగితం చుట్టాడు.

క్రమంగా ఆకాశం నిండింది. దక్షిణాన అడవి అంచునుంచి లేచిన పాలపుంత నడినెత్తి మీదుగా ఈశాన్యానికి దిగింది. మా బెజవాడలో కిందుగా కనిపించే ధ్రువుడు ఇక్కడ దాదాపు సగం ఆకాశం ఎక్కి కూర్చున్నాడు. ఉత్తరానికి పోయినకొద్దీ ఆయన పైకి లేస్తాడు మరి.

వాయవ్యంలో సప్తర్షులు ఉన్నారు. మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నిరుడే రెండు కళ్ళకూ శుక్లాలు తీయించుకున్న మనిషి. కనబడక బాధ పడుతోందేమోనని నాకు భయం వేసింది.

"వసిష్ఠుడి పక్కన చుక్క ఉందండీ!" అంది చివరికి. పట్టపగలు జరిగిన మా పెళ్ళిలో పురోహితుడు అరుంధతిని చూపించి "కనబడిందా?" అంటే, ఇద్దరమూ బుద్ధిగా తల ఊపాము. నలభై అయిదేళ్ళకు ఆ మాట నిజమైంది.

"తాతా, మీ ఊళ్ళోనూ ఇలాగే ఉంటుందా?" అన్నాడు పదేళ్ళ మనవడు.

ఉండేది. నా చిన్నతనంలో ఆరుబయట నులకమంచం మీద పడుకుంటే ఇదే ఆకాశం. మా వీధికి కరెంటు స్తంభం వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టాము. దీపం కింద చదువుకొని నేనూ, నా తరవాత వీడి నాన్నా ఇంతవాళ్ళమయ్యాము. ఆ దీపాన్ని ఎలా నిందించను? కాని దానికి మూత పెట్టి, వెలుగు నేలమీదికే దించవచ్చునని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఈ పార్కులో చేసిన పని అదే.

అమెరికాలో పిల్లలున్నవారు అమావాస్య చూసుకొని వెళ్ళండి. వేసవి అయినా స్వెటరు మరవకండి. బండి ఎక్కేముందు మా ఆవిడ అడిగిందల్లా ఒక్కటే: "మన డాబా మీది దీపానికి మూత చేయించడానికి ఎంతవుతుందండీ?"