కొలువులో ఒక స్టూలు

గత సంవత్సరం ఆషాఢమాసపు చివరి రోజులలో నా పూర్వవిద్యార్థి ఒకడు హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. ముప్ఫై యేళ్ల క్రితం నా దగ్గర పదవ తరగతి చదివి, గురులఘువులను ఏనాడూ సరిగ్గా గుర్తించలేకపోయినవాడు. ఇప్పుడు మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నాడు.

"మాస్టారూ! ఆఫీసులో మార్పులు చేయిద్దామనుకుంటున్నాను. శ్రావణంలో పని మొదలుపెట్టాలి. వాస్తు సంగతి మీరొకసారి చూసి చెప్పాలి. సంస్కృతం చదువుకున్నారు కదా!" అన్నాడు.

సంస్కృతం వచ్చినవానికి వాస్తు, జ్యోతిషం, ఆయుర్వేదం అన్నీ కరతలామలకమని లోకుల నమ్మకం. నేను చదువుకున్నది వ్యాకరణమూ అలంకారశాస్త్రమూను. ఇంట్లో గోడకు మేకు కొట్టవలసి వస్తే ఎక్కడ కొట్టాలో మా ఆవిడను అడుగుతాను. ఆ మాటే వాడికి చెప్పాను. వింటేనా! ఎలాగూ మా అమ్మాయి ఇల్లు మియాపూర్‌లోనే ఉన్నది, వరలక్ష్మీవ్రతానికి వెళ్లవలసే ఉన్నది కనుక సరేనన్నాను.

ఐదవ అంతస్తులో సుమారు నాలుగు వేల చదరపుటడుగుల స్థలం. నలభైమందికి ఒకరిద్దరు తక్కువగా పనిచేస్తున్నారు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు అందరూ ఇళ్లకు పోయి పనిచేశారట. తరువాత తిరిగివచ్చారు గాని వారానికి మూడు రోజులే వస్తారు. ఏ రోజు చూసినా కొన్ని కుర్చీలు ఖాళీ. అద్దె మాత్రం నిండుగా కట్టవలసిందే. లీజు తిరగవ్రాయవలసిన గడువు దగ్గరపడింది. స్థలం తగ్గించుకోవాలా, ఉన్నదానినే మార్చుకోవాలా అన్నది వాడి బెంగ.

వాడి బల్లమీద మూడు పటాలున్నాయి. మొదటిది ఇంటీరియర్ డిజైనర్ గీసినది. అడ్డుగోడలన్నీ తీసివేసి ఒకే హాలు చేయాలి. ఎవరికీ సొంత బల్ల ఉండదు. ముందుగా వచ్చినవారు నచ్చినచోట కూర్చుంటారు. ఇరవై నాలుగు బల్లలతో సరిపోతుంది. రెండవది వాడి భాగస్వామి కోరినది. పెద్దవారందరికీ అద్దాల గదులు, మిగిలినవారికి మధ్యలో వరుసలు. మూడవది వాస్తు పండితునిది. యజమాని గది నైరుతిలో, ప్యాంట్రీ ఆగ్నేయంలో ఉండాలి. ఈశాన్యంలో బరువులు ఉండరాదు. మరుగుదొడ్ల గోడ పగలగొట్టి దిశ మార్చాలి.

"ఏది మంచిది మాస్టారూ?" అని పరీక్షపత్రం ముందు కూర్చున్న పిల్లవాడివలె నా ముఖం చూశాడు. నాలుగు రోజులు గడువు అడిగాను.

బడిపంతులను కదా! చదవకుండా మాట్లాడితే మనసొప్పదు. అమ్మాయి ఇంట్లో రెండు రాత్రులు కూర్చుని, ఈ కార్యాలయాల కథ ఏమిటో కొంత చదివాను. 1906లో అమెరికాలోని బఫెలో నగరంలో లార్కిన్ అనే సబ్బుల కంపెనీకి ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే వాస్తుశిల్పి ఒక భవనం కట్టాడు. చుట్టూ అంతస్తులు, నడుమ కప్పుదాకా తెరచిన చోటు, పైనుంచి పడే వెలుతురు. బొమ్మ చూడగానే నాకు మా గోదావరి జిల్లాల మండువా లోగిలి జ్ఞాపకం వచ్చింది. ఆ భవనాన్ని 1950లో కూల్చివేశారట. 1950ల చివరలో జర్మనీలో ష్నెల్లె సోదరులు బల్లలను సైనికుల బారులవలె పేర్చడం మాని, ఎవరికెవరితో పని ఎక్కువో చూసి గుంపులు గుంపులుగా, నడుమ మొక్కల కుండీలతో అమర్చారు. 1960లలో హెర్మన్ మిల్లర్ సంస్థలో రాబర్ట్ ప్రాప్‌స్ట్ అనే ఆయన, మనిషి అవసరాన్నిబట్టి జరుపుకొనే తడికలను కల్పించాడు. 1968లో అవి బజారులోకి వచ్చాయి. ఉద్యోగికి స్వేచ్ఛ కలగాలని ఆయన కోరిక. కంపెనీలవారు ఆ తడికలనే చతురస్రాలుగా బిగించి, తక్కువ చోటులో ఎక్కువమందిని కుక్కారు. అవే మనం ఎరిగిన క్యూబికల్ గూళ్లు. చివరి రోజులలో ఆయనే వాటిని చూసి నొచ్చుకున్నాడట.

తరువాత ఆ గూళ్లూ పోయి, అంతా ఒకే హాలైతే అందరూ కలసిమెలసి మాట్లాడుకుంటారన్న వాదం వచ్చింది. హార్వర్డ్‌కు చెందిన బెర్న్‌స్టీన్, టర్బన్ అనే ఇద్దరు 2018లో ఒక పరిశోధన ప్రకటించారు. గోడలు తీసివేసిన రెండు సంస్థలలో ఉద్యోగులకు చిన్న యంత్రాలు తగిలించి లెక్కగట్టగా, ముఖాముఖి మాటలు సుమారు డెబ్బై శాతం తగ్గిపోయాయి, ఈమెయిళ్లు పెరిగాయి. పరిశోధకులకు ఆశ్చర్యం కలిగిందేమో గాని, నాకు కలుగలేదు. నలభైమంది పిల్లలను ఒకే గదిలో పంతులు కంటికెదురుగా కూర్చోబెడితే ఏం చేస్తారు? నోరు మూసుకుంటారు, చీటీలు అందించుకుంటారు.

మూడవనాడు మళ్లీ వెళ్లాను. ఈసారి ఒక మూల కుర్చీ వేయించుకుని ఉదయం నుంచి సాయంకాలం దాకా ఊరకే కూర్చున్నాను. ఇన్విజిలేటరు పని నాకు కొత్త కాదు. మధ్యాహ్నం అందరికీ తలొక కాగితం ఇప్పించి, పేరు వ్రాయవద్దని చెప్పి, మూడు ప్రశ్నలు వేశాను. తీరికగా ఆలోచించవలసి వస్తే ఎక్కడికి వెళ్తారు? ఇంటినుంచి ఫోను వస్తే ఎక్కడ మాట్లాడతారు? ఈ ఆఫీసులో 'ఇది నా చోటు' అని మీకు అనిపించేది ఏది?

జవాబులు చదువుతుంటే మా వాడి ముఖం చిన్నబోయింది. ఆలోచించడానికి కొందరు కారులోకి, కొందరు ఇంటికి. ఫోనుకు దాదాపు అందరూ మెట్లమీదికే. మూడవ ప్రశ్నకు ఎక్కువమంది తమ బల్ల పేరే చెప్పారు. ఒకరు 'కిటికీ దగ్గర నా తులసి కుండీ' అని వ్రాశారు. సొంత బల్లలు తీసివేసే మొదటి పటం, ఆ చోటునే వాళ్లకు లేకుండా చేస్తుంది.

కాగితాలు దొంతిపెడుతుండగా టీ కప్పులు తీయడానికి హౌస్‌కీపింగ్ ఆమె వచ్చింది. ఆమెకు కాగితం ఇవ్వనేలేదు. ఇవ్వాలని నాకూ తోచలేదు, వాడికీ తోచలేదు. నేనే నోటితో అడిగాను: "అమ్మా, ఈ ఆఫీసులో నీ చోటు ఏది?"

"నాకు చోటెందుకు సార్? తిరుగుతనే ఉంటగద" అని నవ్వింది.

"అన్నం ఎక్కడ తింటావు?"

"ఆ మెట్ల మీద, పైకి పోయేకాడ. ఎవ్వరు రారు."

అక్కడ నాకు మాట ఆగిపోయింది. ఆమె జవాబుకు కాదు. ఇరవై యేళ్లుగా నేను ఎవరికీ చెప్పుకోని సంగతి ఒకటి లోపల కదిలింది.

1998లో మేము పనిచేస్తున్న జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలకు ఒక దాత ఉపాధ్యాయుల గది బాగుచేయించుకొమ్మని కొంత సొమ్మిచ్చారు. 'పండితులవారికి రసజ్ఞత ఉన్నది' అని ప్రధానోపాధ్యాయులు ఆ బాధ్యత నాకు అప్పగించారు. నేను ఉత్సాహంగా కొలతలు తీసుకున్నాను. పాత పొడుగు బల్ల తీసివేసి ఎవరి బల్ల వారికి వేయించాను. గుమ్మం ప్రక్కన ఒక ఇనుప బీరువా కుదిరింది. గది చూసి అందరూ మెచ్చుకున్నారు. దాతగారితోబాటు నాకూ శాలువా కప్పారు.

2004లో మా అటెండరు పదవీవిరమణ చేశాడు. సభలో అతనిని రెండు మాటలు మాట్లాడమన్నారు. చేతులు కట్టుకుని అందరికీ దండాలు చెప్పి, చివర, ఫిర్యాదుగా కాదు, ఏదో జ్ఞాపకం చెబుతున్నట్టు అన్నాడు: "గుమ్మం కాడ నా స్టూలుండేదండి. బీరువా వచ్చాక దానికి చోటు లేకపోయింది. అప్పట్నించీ నిలబడటం బాగా అలవాటైపోయిందండి." సభలో అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. మోకాళ్లు పట్టుకుని అతను వరండా మెట్లు దిగడం అంతకుముందు ఎన్నోసార్లు చూశాను. అది వయసు అనుకున్నాను.

ఆరేళ్లు! గంట కొట్టడానికీ, రిజిస్టర్లు మోయడానికీ, నాకు మంచినీళ్లు తేవడానికీ ఆ గుమ్మం దగ్గర అతను నిలబడే ఉన్నాడు. ఆ స్టూలు తీసివేయమని నేను ఎవరికీ చెప్పలేదు. నా పటంలో అది లేదు, అంతే.

ఆ సాయంకాలం మా వాడికి ఈ కథ చెప్పి, తరువాత ఒక మాట వివరించాను. 'కొలువు' అంటే ఉద్యోగం. కొలువు అంటే సభ కూడా. రాజు కొలువుతీరాడంటే ఎవరి స్థానంలో వారు ఆసీనులైన నిండుసభ అని అర్థం. సంక్రాంతికి మా అమ్మ బొమ్మల కొలువు పెట్టేటప్పుడు చెయ్యి విరిగిన బొమ్మకు కూడా ఒక మెట్టుమీద చోటు చూసేది. దీనికి మూలమైన 'కొలుచు' ధాతువుకు రెండర్థాలున్నాయి: కొలత తీసుకోవడం ఒకటి, సేవించడం ఒకటి. నువ్వు టేపు పట్టుకుని కొలిపించావు. నిన్ను కొలిచేవాళ్లను లెక్కలో వేశావా? ఇది నిన్ను అడుగుతున్న ప్రశ్న కాదు నాయనా, నన్ను నేను అడుక్కున్నది.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మూడు పటాలూ చుట్టి ప్రక్కన పెట్టాడు.

చివరికి జరిగినది ఇది. గోడలన్నీ తీయలేదు, గదులన్నీ కట్టలేదు. ఎవరి బల్ల వారికి ఉన్నది. లిఫ్టు వైపు మాటల చోటు, కిటికీల వైపు మౌనపు చోటు. ఫోను మాట్లాడుకోవడానికి తలుపులున్న చిన్న గదులు రెండు. భాగస్వామి అద్దాల గది ఒకటి తగ్గించుకోవడానికి నెలరోజులు పట్టింది. ఆయన ఇప్పటికీ నాతో ముభావంగానే ఉన్నాడు. వాస్తు మాటకొస్తే, ఈశాన్యం మూలను ఖాళీగా వదిలారు. దానికి ఖర్చు లేదు, వెలుతురు లాభం. మరుగుదొడ్ల గోడ జోలికి పోవద్దన్నాను. భవనం యజమాని కూడా పడనివ్వలేదు. శాస్త్రం కంటె లీజు గట్టిది.

ప్యాంట్రీ ప్రక్కన పాత కంప్యూటర్లు పడేసిన చిన్న గది ఉండేది. దానిని ఖాళీ చేయించి, ఒక బల్ల, రెండు కుర్చీలు, తాళమున్న అలమర, ఫ్యాను పెట్టించాడు. ఇప్పుడు ఆమె అక్కడ అన్నం తింటుంది.

గుమ్మం దగ్గరి సెక్యూరిటీ మనిషి సంగతి మాత్రం కుదరలేదు. అతను వేరొక ఏజెన్సీ మనిషి. డ్యూటీలో కూర్చోరాదని వారి నియమమట. కర్మాగారాలలో నిలబడి పనిచేసేవారికి కూర్చునే వసతి కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే చెప్పారు. దుకాణాలలో పనిచేసేవారికోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. ఇవన్నీ మా వాడు ఏజెన్సీవారికి చెప్పి, కుర్చీ అయితే వేయించాడు.

మొన్న సంక్రాంతి తరువాత వెళ్లినప్పుడు చూశాను. కుర్చీ ఉన్నది. అతను దాని ప్రక్కన నిలబడి ఉన్నాడు. "కూర్చో నాయనా" అన్నాను. కూర్చున్నాడు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే మళ్లీ లేచి నిలబడ్డాడు. పైకి వెళ్లి మా వాడికి చెప్పాను. మళ్లీ మాట్లాడతానన్నాడు. మాట్లాడాడో లేదో ఈసారి వెళ్లినప్పుడు చూడాలి.

మా అటెండరు ఇప్పుడు లేడు. ఆ పాఠశాలలో బీరువా ఇంకా అక్కడే ఉన్నదని విన్నాను.

ఈ టపా చదివే మిత్రులలో చాలామంది ఇలాంటి కార్యాలయాలలోనే కొలువు చేసేవారు. రేపు ఉదయం లోపలికి వెళ్లేటప్పుడు, మీ గుమ్మం దగ్గర ఎవరు నిలబడి ఉన్నారో, వారికి కూర్చోవడానికి ఏమున్నదో ఒకసారి చూసి, వీలైతే నాకు వ్రాయండి.

స్వస్తి.