కుడివైపు సీటు

మా తమ్ముడు వాయుసేనలో వింగ్ కమాండరు. రవాణా విమానాలు నడుపుతాడు. కిందటి సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు అరిసె తుంచుకుంటూ, "అన్నయ్యా, ఈసారీ లిస్టులో నా పేరు లేదు," అన్నాడు. బస్సు తప్పిపోయిందన్నంత మామూలుగానే అన్నాడు గాని, తుంచిన ముక్క మళ్ళీ పళ్ళెంలోకే చేరింది.

నేను తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి. ప్రమోషను రాలేదంటే పనిలో ఏదో లోటుందేమోనని నా అనుమానం. వాడు నవ్వి లెక్క చెప్పాడు. అర్హతలుండి పదమూడేళ్ళ సర్వీసు నిండితే వింగ్ కమాండరు హోదా వస్తుంది. ఆపైన గ్రూప్ కెప్టెన్ కావాలంటే ఎంపిక జరగాలి. పైకి పోయినకొద్దీ కుర్చీలు తక్కువ. గుడి విమానం మీద మాత్రం ఎన్ని కలశాలుంటాయి!

"మరి ఇప్పుడేం చేస్తావురా?"

"దార్లు లేకపోలేదు. ఉన్నచోటనే ఉండొచ్చు. కాని యాభైల్లో ఇంటికి పంపేస్తారు. ఇరవయ్యేళ్ళు నిండాయి కనుక పింఛనుకు లోటు లేదు. అనుమతిస్తే ముందే బయటపడొచ్చు."

బయటపడితే పైలట్ల శిక్షణ పాఠశాలలో చదువు చెప్పవచ్చు. ఎయిర్‌లైన్స్‌లో చేరితే అరవై అయిదేళ్ళ దాకా నడపవచ్చు. హెలికాప్టర్ల వాళ్ళకు సముద్రంలోని చమురు బావుల దగ్గరికి మనుషుల్ని చేరవేసే పని దొరుకుతుందట.

"ఇంకేం, చేరిపో!" అన్నాను.

అంత సులువు కాదట. పెద్ద లైసెన్సుకు 1500 గంటలు ఎగిరి ఉండాలి. వాయుసేనలో ఎగిరినవీ లెక్కకు వస్తాయి కనుక మావాడికి ఆ చింత లేదు. యుద్ధవిమానాల వాళ్ళు ఎక్కినా గంటకో ఎంతకో దిగేస్తారు కనుక వాళ్ళకు గంటలు మెల్లగా పోగవుతాయి. ఎన్ని గంటలున్నా పౌర విమానయాన నిబంధనల పరీక్ష రాయాలి, వైద్యపరీక్షలో నెగ్గాలి, కంపెనీవారి విమానం మీద కొత్తగా శిక్షణ పొందాలి.

అసలు ముల్లు ఇవేవీ కావు. అక్కడ చేరిన తేదీని బట్టే సీనియారిటీ. నలభై రెండేళ్ళ మావాడు కుడివైపు సీట్లో కో-పైలట్‌గా మొదలుపెట్టాలి. ఎడమవైపు కెప్టెన్ సీట్లో ముప్ఫయ్యేళ్ళ కుర్రవాడు ఉండవచ్చు.

"అదీ మంచిదే బావగారూ! ఇంట్లో మామీద ఆర్డర్లు తగ్గుతాయి," అంది మా మరదలు వంటింట్లోంచి. అందరం నవ్వాం. వాడు నవ్వలేదు.

అప్పుడు నా గుట్టు విప్పక తప్పలేదు. మా కాలేజీలో నాకంటే చిన్నవాణ్ణి శాఖాధిపతిని చేసినప్పుడు, అతను ఎదురుపడకుండా నెలరోజులు వెనక వరండాలోంచి తిరిగి వెళ్ళాను. "చెప్పులరిగాయి తప్ప ఒరిగిందేమీ లేదురా," అన్నాను.

ఆ రాత్రి నిబంధనల పుస్తకం నా చేతికిచ్చి ప్రశ్నలడగమన్నాడు. చిన్నప్పుడు వాడిచేత ఎక్కాలు ఒప్పజెప్పించుకున్నది నేనే. మూడో ప్రశ్నకు తప్పు చెప్పాడు.

"మళ్ళీ చదువు," అన్నాను.

"సరే అన్నయ్యా," అని వింగ్ కమాండరుగారు బుద్ధిగా పుస్తకం అందుకున్నారు. ఇరవయ్యేళ్ళు ఆకాశంలో తిరిగినవాడు తప్పు చెప్పి, సిగ్గుపడకుండా మళ్ళీ మొదటి పేజీ తిప్పుతున్నాడు. వీడికి ఏ సీటయినా ఒకటేననిపించింది.

సెలవులయ్యాక కాలేజీకి ముందు వరండాలోంచే వెళ్ళాను. మా శాఖాధిపతి ఎదురయ్యాడు. ఈసారి నమస్కారం నేనే ముందు పెట్టాను.