పెద్దలకు ప్రవేశం కలదు

అమ్యూజ్‌మెంట్ పార్కుల్లో నాకొక శాశ్వత ఉద్యోగం ఉంది. బ్యాగుల కాపలా. మా అమ్మాయి హ్యాండ్‌బ్యాగు, అల్లుడి బూట్లు, మనవడి నీళ్ళ సీసా, ఎవరిదో తెలియని టోపీ ఒకటి, అన్నీ నా ఒళ్ళో పోసి "నాన్నా, ఇక్కడ నీడగా ఉంది, కూర్చో" అని వాళ్ళు క్యూలోకి వెళ్ళిపోతారు. ఆ నీడ కాసేపటికి జరుగుతుంది. దాని వెనకే నేనూ, బ్యాగులూ జరుగుతాం. ఎదురుగా ఒక బోర్డు. గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఎక్కరాదు, రక్తపోటు ఉన్నవాళ్ళు ఎక్కరాదు, మెడనొప్పి, నడుంనొప్పి, కళ్ళు తిరగడం, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు. ఆ జాబితాలో నాకు వర్తించనిది గర్భం ఒక్కటే.

బోర్డు పెట్టినవాడి మీద నాకేం కోపం లేదు. వినోదమంటే భయపడడమేనని తేల్చేసినవాడి మీదే కోపం. ఎవడికి వాడు ఇంకొంచెం ఎత్తు, ఇంకొంచెం వేగం అంటూ పోటీ పడుతున్నాడు. భుజాల మీంచి ఇనుప కమ్మీ దించి బిగిస్తారు, రెండు నిమిషాలు కేకలు పెట్టిస్తారు, దింపేస్తారు. పక్క సీట్లో కూర్చున్నది మనిషో బస్తానో చూసే తీరిక ఉండదు. పిల్లలకి ఆట, కుర్రాళ్ళకి భయం, మాలాంటివాళ్ళకి బెంచీ. ఇదెక్కడి న్యాయం?

ఈ చిరాకు ముదిరినప్పుడల్లా నేను మనసులోనే ఒక పార్కుకి వెళ్ళొస్తాను. అది మూతపడింది 1964లో. న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్ దక్షిణపు కొసన, కోనీ ఐలాండ్ సముద్రపొడ్డున ఉండేది. పేరు స్టీపుల్‌చేజ్. ఫొటోలు చూసీ, పుస్తకాలు చదివీ దాని దారులన్నీ నాకు మా వీధంత పరిచయమైపోయాయి.

1897లో దాన్ని పెట్టినవాడు జార్జ్ టిల్యూ. చిన్నప్పటి నుంచీ ఆ ఒడ్డునే పెరిగాడు. పద్నాలుగేళ్ళ వయసులో సముద్రపు నీళ్ళు సీసాల్లో పట్టి, ఇసక సిగార్ పెట్టెల్లో పోసి, సముద్రం ఎరగని లోపలి రాష్ట్రాలవాళ్ళకి పావు డాలరు చొప్పున అమ్మాడట. ఈ కథ వినగానే మనిషి అర్థమైపోయాడు. 1893లో కొత్త పెళ్ళాంతో చికాగో వెళ్ళి అక్కడి ప్రపంచ ప్రదర్శనలో ఫెర్రిస్ చక్రం చూశాడు. కొందామంటే దొరకలేదు. తిరిగొచ్చి అందులో సగం ఎత్తు కూడా లేని చక్రానికి ఆర్డరిచ్చి, ఇంకా రాని ఆ చక్రం కోసం ఖాళీ స్థలంలో బోర్డు పాతాడు: ప్రపంచంలోకెల్లా పెద్ద చక్రం ఇక్కడ రాబోతోంది అని. చికాగోది 264 అడుగులు, ఇతగాడిది 125. అబద్ధమే. కాని ఎవరినీ ముంచని అబద్ధం. అటువంటివాళ్ళంటే నాకు మెత్తదనం ఉంది, దాచుకోను.

పార్కుకి ఆ పేరు తెచ్చింది గుర్రాలు. ఏటవాలు ఇనప పట్టాల మీద పక్కపక్కనే పరుగెత్తే యంత్రపు గుర్రాలు, ఇంగ్లండు నుంచి తెచ్చిన ఆలోచన. కిందికి లాక్కునేది భూమే. దారిలో చిన్న ఏరు, దాటవలసిన కంచెలు, మిట్టపల్లాలు, అసలు గుర్రప్పందెం ఎలా ఉంటుందో అలా. ఒక్కో గుర్రం మీద ఇద్దరు కూర్చోవచ్చు. అమ్మాయి ముందు, అబ్బాయి వెనక. పడిపోకుండా ఉండాలంటే పట్టుకోక తప్పదు కదా. పార్కులో కుర్రజంటలు ముందు ఎక్కడికి పరుగెత్తేవాళ్ళో వేరే చెప్పాలా? ఇంకో సంగతి నాకు మరీ నచ్చింది. ఆ పందెంలో బరువైన జంటే సాధారణంగా గెలిచేది. పక్కన నా బోటి బక్కవాళ్ళు ఎంత వంగి కూర్చున్నా లాభం లేదు. ఒళ్ళు ఉన్నందుకు మెచ్చుకునే ఆట లోకంలో ఇంకెక్కడుంది, సుమో కుస్తీ తప్ప.

అక్కడికి వచ్చేది ఎక్కువగా పెద్దవాళ్ళు. గుమాస్తాలు, దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు, కుట్టుపని కార్ఖానాల్లో వారమంతా నడుం వంచినవాళ్ళు. 1920 నాటికి సబ్‌వే రైలు ఐదు సెంట్లకే అక్కడికి చేర్చేది. ఎండాకాలపు ఆదివారాల్లో ఆ ఒడ్డున జనం లక్షల్లో ఉండేవారు. లోపలికి ఒకటే టికెట్టు, అన్ని ఆటలకీ అదే. మెడకు దారంతో తగిలించుకునే గుండ్రటి అట్టముక్క. ఆట ఆటకీ దానికొక చిల్లు. ఎక్కువ డబ్బు కట్టి క్యూ దాటేసే శీఘ్రదర్శనం ఏర్పాటు టిల్యూకి తట్టలేదో, తట్టినా వద్దనుకున్నాడో.

గేటు దగ్గరే మొదలు. ఒకవైపు ప్రవేశంలో పెద్ద పీపా ఒకటి పడుకోబెట్టి ఉంటుంది, అది తిరుగుతూ ఉంటుంది. దానిలోంచి నడిచి రావాలి. ఎంతటి దర్జా మనిషైనా మూడో అడుగుకి కూలబడతాడు. కూలబడితే పక్కనున్న ముక్కూమొహం తెలియనామె మీద పడతాడు. అయ్యో అనేలోపు ఆమె అతని మీద పడుతుంది. లోపల నున్నగా మెరుగుపెట్టిన చెక్క బల్ల ఒకటి, విస్తరిలా గుండ్రంగా, మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా. జనం గుంపుగా దాని మీద చతికిలబడతారు. మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది. నడిమధ్యలో కూర్చున్న తెలివైనవాడు ఒకడు తప్ప మిగతావాళ్ళంతా ఒకరి కాళ్ళు ఒకరు పట్టుకుని జారిపోతారు. ఆనాటి ఫొటోల్లో ఆ మొహాలు చూడండి. మీసాలాయన, గౌను వేసుకున్న పెద్దమ్మ, టై కట్టుకున్న లావుపాటాయన. భయం జాడే కనపడదు. సిగ్గు, ఆ సిగ్గు వెనక పొట్ట పట్టుకునేంత నవ్వు.

అసలు కళ మాత్రం గుర్రాలు దిగాకే. బయటికి పోవడానికి ఒకటే దారి. ఇరుకు సందులోంచి వస్తే ఉన్నట్టుండి దీపాలు వెలిగే వేదిక మీద తేలతారు. ఎదురుగా బెంచీల నిండా జనం. కాళ్ళ కింద నేల కదులుతుంది. కన్నాల్లోంచి గాలి బుస్సుమని పైకి తన్నుతుంది, గౌను లేస్తుంది, టోపీ ఎగురుతుంది. టోపీ కోసం వంగిన మగవాడికి పొట్టి విదూషకుడొకడు కరెంటు కర్రతో చురక పెడతాడు. ఎగిరి గంతేస్తాడు. బెంచీలు గొల్లుమంటాయి. ఆ జంట తల దించుకుని ఎలాగో వేదిక దాటేస్తుంది. దాటి వెళ్ళిపోతారా? పోరు. వచ్చి అవే బెంచీల మీద కూర్చుని, తర్వాత వచ్చే జంట కోసం కాచుకుంటారు.

ఆడవాళ్ళ గౌన్ల మీదా, కురచ మనిషి బతుకు మీదా నడిచిన ఆ హాస్యాన్ని నేను వెనకేసుకు రాను. ఈనాడు అటువంటిది పెడితే కేసు పెట్టాల్సిందే, పెట్టేవాళ్ళలో నేనూ ఉంటాను. కాని టిల్యూ బుర్రంతా ఆ బెంచీల్లో ఉంది. ఖరీదైన యంత్రం కన్నా పక్కవాడు బోర్లా పడడమే మనిషికి ఎక్కువ వినోదమనీ, తానూ పడి వచ్చినవాడికి ఆ నవ్వు మరీ తీపి అనీ అతను కనిపెట్టాడు. నన్ను కూర్చోబెట్టే బెంచీకీ ఆ బెంచీకీ తేడా అదే. అక్కడ కూర్చున్నవాడు అప్పటికే ఒకసారి పడి లేచి వచ్చాడు.

పక్కనే ఇంకో రెండు పార్కులు ఉండేవి. 1903లో వచ్చిన లూనా పార్కు రెండున్నర లక్షల దీపాల ఊరు, 1904లో వచ్చిన డ్రీమ్‌లాండ్ పది లక్షల దీపాలు పెట్టుకుంది. నాకు రెండూ పెద్దగా పట్టవు. లూనా పార్కు తెరవకముందే అక్కడ టాప్సీ అనే ఏనుగుకి కరెంటు పెట్టి చంపి సినిమా తీశారు. ఆ దీపాల అందం నాకు అక్కడే చప్పబడిపోయింది. డ్రీమ్‌లాండ్ 1911 మే నెలలో ఒక్క రాత్రిలో కాలి బూడిదైంది. నిప్పు పుట్టిన ఆట పేరు నరకద్వారం. మళ్ళీ కట్టలేదు.

స్టీపుల్‌చేజ్ కూడా కాలింది, 1907 జులైలో. మర్నాడు టిల్యూ ఏం చేశాడు? బోర్డు పెట్టాడు. నిన్న లేని కష్టాలు ఇవాళ వచ్చాయని రాసి, కాలుతున్న శిథిలాలు చూడడానికి పది సెంట్లు అని కింద చేర్చాడు. జనం కట్టి చూశారు. కొద్దికాలంలోనే ఇనుమూ అద్దాలతో పెద్ద మంటపం లేపి చాలా ఆటలు దాని కిందికి చేర్చాడు, వాన వచ్చినా వ్యాపారం ఆగకుండా. దాని ముఖద్వారాన చెవుల దాకా సాగిన నోటితో, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే మొహం. ఆ పార్కు గుర్తు అదే. టిల్యూ 1914లో పోయాడు. పిల్లలు ఇంకో యాభై ఏళ్ళు నడిపారు. తర్వాత వాళ్ళ వల్ల కాలేదు, ఊరూ మారింది. 1964 సెప్టెంబరులో తలుపులు మూశారు.

ఇక్కడి నుంచి చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుతుంది. స్థలం కొన్నవాడు ఇళ్ళు కట్టి అమ్మే ఫ్రెడ్ ట్రంప్. కొడుకు ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. అక్కడ పెద్ద పెద్ద అపార్టుమెంట్లు లేపుదామనుకున్నాడు. మంటపాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటిస్తారేమోనన్న శంక ఉంది. ఆలోపే 1966లో కూల్చివేతకే విందు పెట్టాడు. అతిథులను పిలిచి, చేతికి ఇటుకలిచ్చి, ఆ అద్దాల మీద వేయమన్నాడు. వేశారు. పడగొట్టడానికి వేయి కారణాలుంటాయి, వ్యాపారం నాకూ తెలుసు. మా ఊళ్ళోనే సినిమాహాళ్ళు పడగొట్టి కల్యాణమంటపాలు కట్టారు, ఎవరినేం అనగలం. కాని పడగొట్టడాన్ని పండగ చేసుకోవడం ఉంది చూశారూ, పిలిస్తే వెళ్ళి ఇటుక విసిరి ఇంటికొచ్చి అన్నం తిన్నవాళ్ళు ఉన్నారు చూశారూ, వాళ్ళను మాత్రం నేను క్షమించలేదు. నా క్షమ వాళ్ళకి అక్కర్లేదనుకోండి. ఇంతా చేస్తే అపార్టుమెంట్లకి అనుమతే రాలేదు. ఆ నేల ఏళ్ళ తరబడి చాలావరకు ఖాళీగా పడి ఉంది. 2001లో అక్కడ బేస్‌బాల్ మైదానం కట్టారు.

మిగిలినవాటిలో ఒకటి పారాచూట్ గోపురం. 1939 ప్రపంచ ప్రదర్శన నుంచి కొని తెచ్చి 1941లో నిలబెట్టారు, రెండు వందల యాభై అడుగులకు పైమాటే. ఇప్పుడది ఎవరినీ పైకి ఎత్తదు, కిందికి దించదు. రాత్రిపూట దీపాలు వేసుకుని నిలబడుతుంది. యంత్రపు గుర్రాలు ఫ్లోరిడాలో ఇంకో పార్కుకి అమ్ముడుపోయాయి, కొన్నాళ్ళకి ఆ పార్కూ పోయింది.

అన్నింటికన్నా గట్టిది రంగులరాట్నం. ఎల్ డొరాడో అని పేరు. 1907లో జర్మనీలో కట్టారు. మూడు అంతస్తుల వేదికలు, ఒక్కోటి ఒక్కో వేగంతో తిరుగుతుంది. తర్వాత కోనీ ఐలాండ్ చేరి స్టీపుల్‌చేజ్‌కి వచ్చింది. స్టీపుల్‌చేజ్ పోయాక జపాను వాళ్ళు కొనుక్కుని టోక్యోలోని తోషిమాయెన్ పార్కులో 1971 నుంచి తిప్పారు. ఆ పార్కునీ 2020 ఆగస్టు ఆఖరున మూసేశారు, రాట్నాన్ని విడదీశారు. మూడు దేశాలు, నూట పదమూడేళ్ళు.

రంగులరాట్నం అంటే నాకు మా మేనత్త గుర్తొస్తుంది. ఆవిడ నవ్వగా మా ఇంట్లో ఎవరూ చూడలేదు. మామయ్య పోయాక పొలం కౌలు లెక్కలు, వడ్డీ లెక్కలు ఒంటిచేత్తో చూసుకున్న మనిషి. ఒక శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి నన్నూ తీసుకెళ్ళింది. ప్రభలు చూశాం, చెరుకుగడ కొనిపెట్టింది. కొండ కింద రంగులరాట్నం ఉంది. మోటారు లేదు, ఇద్దరు మనుషులు లోపల నిలబడి చేత్తో తోసేవాళ్ళు. చెక్క గుర్రాల్లో ఒకదానికి చెవి విరిగిపోయి మేకు పైకి వచ్చింది. గుచ్చుకోకుండా దానికి ఎర్రగుడ్డ చుట్టారు. నాకు ఆ గుర్రమే కావాలి. కాని ఒక్కణ్ణే ఎక్కనని మారాం చేశాను. ఆవిడ అటూ ఇటూ చూసింది, పమిట నడుముకి దోపింది, పక్కవాటుగా ఎక్కి కూర్చుని నన్ను ముందు కూర్చోబెట్టుకుంది.

మూడో చుట్టుకి కొప్పు ఊడింది. నాలుగో చుట్టుకి వెనక నుంచి ఏదో చప్పుడు వినపడింది. ఏమిటా అని తిరిగి చూశాను. మా అత్త నవ్వుతోంది. కింద ఆవిడ దగ్గర అప్పులు తీసుకున్న మా ఊరివాళ్ళు నలుగురైదుగురు నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఆవిడకేం పట్టలేదు. రాట్నం ఆగింది.

"ఏమయ్యా, పది చుట్లన్నావు, తొమ్మిదే తిప్పావు" అంది.

"పదీ తిప్పానమ్మా."

"నాకా లెక్కలు చెప్పేది? నవ్వుతూ కూడా లెక్కపెట్టాను."

అతను మారుమాట లేకుండా ఇంకో చుట్టు తిప్పాడు. నాకు కళ్ళు తిరిగి దిగిపోయాను. ఆవిడ దిగలేదు. రొంటిన దోపిన సంచిలోంచి ఇంకో పావలా తీసి అతని చేతిలో పెట్టి, "ఈసారి సరిగ్గా తిప్పు" అంది.